బెట్ట వచ్చినప్పుడు క్లోవర్ ప్రాణం ఎక్కడ దాచుకుంటుంది?

క్లోవర్ అంటే పశువుల మేత కోసం పచ్చికలో పెంచే పప్పుజాతి మొక్క. దీని విత్తనాల కేటలాగ్ ఏది తెరిచినా చాలా రకాల పక్కన "బెట్టను బాగా తట్టుకుంటుంది" అనే మాట కనబడుతుంది. అది అబద్ధమని అనను. కానీ ఆ ఒక్క మాటనే నమ్ముకుని విత్తనం ఎంచుకుంటే, రెండు మూడేళ్లలో పచ్చిక పలచబడిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. ఎందుకంటే క్లోవర్ బెట్టను ఎదుర్కొనే తీరులో మూడు వేర్వేరు గుణాలున్నాయి. వాన ఆగిపోయాక కూడా కొన్ని వారాలు ఆకు వేస్తూ ఉండటం ఒకటి. పెరగడం మానేసినా చచ్చిపోకుండా ఉండటం ఇంకొకటి. వాన పడగానే మళ్లీ గుబురుగా లేవడం మూడోది. ఈ మూడూ ఒకే రకంలో కుదరడం అరుదు. చాలాసార్లు ఒకటి బాగుంటే ఇంకొకటి దెబ్బతింటుంది.

అందుకే ఏ రకం గురించి విన్నా నేను ముందు అడిగేది ఇదే: నేల పూర్తిగా ఎండిపోయినప్పుడు మళ్లీ చిగురు వేయగల మొగ్గ ఈ మొక్కలో ఎక్కడ ఉంటుంది? నేల మీదా, నేల కిందా, లేక విత్తనంలోనా? దీనికి జవాబు దొరికితే మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయి.

ముందు ఆగేది ఆకు

నీరు తగ్గితే మొక్క మొదట ఆహారం తయారుచేసుకోవడం ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు ఆగేది ఆకు సాగడం. కొత్త ఆకు పెరగాలంటే కణాలు నీటితో ఉబ్బి తమ గోడలను సాగదీయాలి. ఆ ఉబ్బు కొంచెం తగ్గినా ఆకు చిన్నగానే ఆగిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ మాత్రం అప్పటికింకా బాగానే నడుస్తుంటుంది. దాంతో కొన్నాళ్ల పాటు చక్కెరలు మిగిలిపోయి వేళ్లలోకి, కాండంలోకి చేరతాయి. బయటికి చూస్తే మేత తగ్గిపోయింది. లోపల మాత్రం మొక్క గడ్డుకాలానికి నిల్వలు పోగేసుకుంటోంది. పశువులు మేపే వాళ్లకు అది నష్టంగానే కనిపిస్తుంది కానీ, తర్వాత వాన పడ్డప్పుడు చిగురు లేచేది ఈ నిల్వల బలంతోనే.

బెట్ట ముదిరాక ఆకుల అడుగునా పైనా ఉన్న పత్రరంధ్రాలు మూసుకోవాలి. ఇక్కడ తెల్ల క్లోవర్ బలహీనత బయటపడుతుంది. దానితో కలిపి సాధారణంగా వేసే రైగ్రాస్ వంటి గడ్డితో పోలిస్తే, ఇది ఆకుల నుంచి పోయే నీటిని అదుపు చేసుకోవడంలో వెనకబడి ఉంటుంది. గడ్డి కంటే ముందే వడలుతుంది. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోదు. మూడు రెక్కల ఆకును మధ్యాహ్నపు ఎండకు అంచు తగిలేలా తిప్పుకుంటుంది, మడుచుకుంటుంది. దాంతో ఆకు మీద పడే వేడి తగ్గుతుంది. కణాల్లో పినిటాల్ అనే చక్కెర జాతి పదార్థం, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పేరుకుంటాయి. ఇవి కణంలోని ద్రవాన్ని చిక్కబరిచి నీటిని పట్టి ఉంచుతాయి. రకాల మధ్య తేడా ఇక్కడ కూడా ఉంది. కాకపోతే ఇలాంటి సర్దుబాట్లతో వచ్చే గడువు ఎక్కువ ఉండదు. వీటి వల్ల ఎండాకాలమంతా గట్టెక్కుతుందని ఆశపడకూడదు.

పప్పుజాతి మొక్క కాబట్టి క్లోవర్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దీని నత్రజని వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా నుంచి వస్తుంది. ఆ బుడిపెలు బెట్టకు ఆకుల కంటే సున్నితం. నీరు తగ్గగానే బుడిపె లోపలికి ఆక్సిజన్ వెళ్లే దారి బిగుసుకుంటుంది, నత్రజని పట్టడం బాగా పడిపోతుంది. అంటే బెట్టలో క్లోవర్‌కు నీటి కొరతతో పాటు ఎరువు కొరత కూడా వస్తుంది. వాన పడ్డాక మొదటి కొన్ని రోజులు మొక్క నెమ్మదిగా లేవడానికి ఇదీ ఒక కారణం. చెడిపోయిన బుడిపెల స్థానంలో కొత్తవి ఏర్పడాలి కదా.

తెల్ల క్లోవర్: నేల మీద పరిచిన ప్రాణం

ప్రపంచంలో పచ్చిక బీళ్లలో ఎక్కువగా కనబడే క్లోవర్ ఇదే. దీని మీద ఎక్కువసేపు ఆగడం అవసరం, ఎందుకంటే అపోహలన్నీ ఎక్కువగా దీని చుట్టూనే ఉన్నాయి.

విత్తనం నుంచి మొలిచిన తెల్ల క్లోవర్‌కు మొదట ఒక మంచి తల్లివేరు ఉంటుంది. అది లోతుకు దిగుతుంది, కింది పొరల్లోని తేమ అందుకుంటుంది. ఆ తల్లివేరు బతికేది మాత్రం సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు. ఈలోగా మొక్క నలువైపులా పాకే కాండాలు వేస్తుంది. ఆ కాండాల కణుపుల దగ్గర కొత్త వేళ్లు పుడతాయి. తల్లివేరు చచ్చిపోయాక మొక్కంతా ఈ కణుపు వేళ్ల మీదే ఆధారపడుతుంది. అవి సన్నగా, ఎక్కువగా పై 20 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. బెట్టలో ముందు ఎండిపోయేదీ ఆ పొరే.

వానలు ఆగిన కొన్ని వారాలకు ఇలాంటి పచ్చికలో మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని వేళ్లతో పక్కకు తీసి చూస్తే సంగతి అర్థమవుతుంది. పాకే కాండం వెనక భాగం గోధుమ రంగుకు తిరిగి, ముడతలు పడి, పట్టుకుంటే పుటుక్కుమని విరిగిపోతుంది. కొసన రెండు మూడు కణుపుల మేర మాత్రం ఇంకా లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఆ కొసలో బిగుసుకున్న మొగ్గ ఒకటి. కింద దారప్పోగు లాంటి వేరు. ఆ మొగ్గలే ఈ మొక్కకు రేపటి ఆధారం. అవన్నీ నేల ఉపరితలం మీద, నేరుగా ఎండ తగిలే చోట ఉన్నాయి. పశువులు గడ్డిని నున్నగా కొరికేస్తే వాటి మీద నీడ కూడా ఉండదు.

ఇక్కడి నుంచి ఒక ముఖ్యమైన విషయం బయటపడుతుంది. తెల్ల క్లోవర్ రకాలను విత్తిన మొదటి ఎండాకాలంలో పోల్చితే, మనం కొలిచేది ఎక్కువగా తల్లివేరు బలాన్నే. ఆ తల్లివేరు తర్వాత ఉండదు! మొదటి ఏడాది అద్భుతంగా నిలిచిన రకం మూడో ఏడాది బెట్టకు కనుమరుగవడంలో ఆశ్చర్యం లేదు. తెల్ల క్లోవర్ బెట్ట సామర్థ్యం గురించి ఎవరు ఏం చెప్పినా, ఆ పచ్చిక వయసెంత అని అడగకుండా ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

ఆకు పరిమాణం బట్టి తెల్ల క్లోవర్‌లో చిన్నాకు, మధ్యరకం, పెద్దాకు రకాలుగా విడదీస్తారు. ఇటలీలోని పో నది మైదానం నుంచి వచ్చిన లాడినో జాతి పెద్దాకు రకాలకు పేరు. నీరుంటే ఇవి ఏపుగా పెరుగుతాయి, కోతకు బాగుంటాయి, తల్లివేరు కూడా దిట్టంగా ఉంటుంది. కానీ పాకే కాండాలు లావుగా ఉన్నా సంఖ్యలో తక్కువ. చిన్నాకు రకాలు దీనికి పూర్తిగా ఎదురు. మేత తక్కువే ఇస్తాయి, కాండాలు మాత్రం చాప పరిచినట్టు అల్లుకుంటాయి. దగ్గరగా మేపినా, ఎండలో సగం కాండాలు చచ్చినా, మిగిలిన సగంలోనే బోలెడు మొగ్గలుంటాయి. పెరుగుదలకూ నిలదొక్కుకోవడానికీ మధ్య బేరం ఇంత స్పష్టంగా కనబడే చోటు క్లోవర్లలో ఇంకోటి లేదేమో.

ఆ బేరాన్ని కొంతవరకు సడలించిన ప్రయత్నాలూ ఉన్నాయి. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డ్యురానా అనే మధ్యరకం ఇందుకు మంచి ఉదాహరణ. వేడి, బెట్ట, ఆమ్ల నేలలు, గట్టి గడ్డి పోటీ ఉన్న ఆగ్నేయ అమెరికాలో పాత బీళ్లలో ఏళ్ల తరబడి తమంతట తాము మిగిలిపోయిన మొక్కలను తెచ్చి, వాటి నుంచి దీన్ని ఎంపిక చేశారు. అక్కడ లాడినో రకాలు మొదట్లో ఎక్కువ మేత ఇచ్చి తొందరగా పలచబడితే, ఇది పొట్టిగా ఉండి కాండాలు ఎక్కువ వేసి నిలుస్తుంది. నాకు ఈ పద్ధతి మీద గురి ఎక్కువ. ప్రయోగశాలలో ఒక్కో గుణాన్ని విడిగా వెతకడం కంటే, పాత బీడులో బతికి బట్టకట్టిన మొక్కను అడగడం చాలాసార్లు సూటి దారి.

తెల్ల క్లోవర్‌లో బెట్టతో ముడిపడిన మరో గుణం ఆకును నలిపితే హైడ్రోజన్ సైనైడ్ వెలువడటం. ఇందుకు కావాల్సిన రెండు జన్యువులూ కలిసి ఉన్న మొక్కల్లోనే ఇది జరుగుతుంది, ఒకటి లేకపోయినా సైనైడ్ రాదు. మధ్యధరా ప్రాంతం వైపు సైనైడ్ మొక్కలు ఎక్కువని, యూరప్ ఉత్తరాన చలి ప్రాంతాలకు పోయే కొద్దీ తగ్గిపోతాయని 1954లో డాడే అనే శాస్త్రవేత్త చూపించాడు. 2022లో 26 దేశాల్లోని 160 నగరాల్లో తెల్ల క్లోవర్‌ను పరిశీలించిన భారీ అధ్యయనం వచ్చింది. నగరం నుంచి పల్లెకు వెళ్లే దారిలో ఈ గుణం మారే తీరుకు, అక్కడి బెట్ట ఒత్తిడికి, పచ్చదనంలో తేడాలకు సంబంధం ఉందని అది చూపింది. ఎండిన కాలంలో నత్తలకూ పురుగులకూ మిగిలే పచ్చి ఆకు తక్కువ, సైనైడ్‌తో దాన్ని కాపాడుకోవడం మొక్కకు అవసరం. పశువులకు మామూలు పరిమాణంలో దీనివల్ల పెద్ద హాని ఉండదు.

ఎర్ర క్లోవర్, కాకసస్ క్లోవర్: లోతును నమ్ముకున్నవి

ఎర్ర క్లోవర్ పాకదు. నేల మట్టంలో ఉన్న మొదలు నుంచి నిలువుగా కొమ్మలు వేస్తుంది. లోతైన నేలల్లో దీని తల్లివేరు మీటరు లోతు వరకూ పోతుంది. అందుకే ఎండాకాలం మధ్యలో, తెల్ల క్లోవర్ వడలిపోయాక కూడా ఎర్ర క్లోవర్ కోత ఇస్తూనే ఉంటుంది. బెట్టలో పెరుగుదల కావాలంటే లోతు వేరును మించిన ఆయుధం లేదు. పత్రరంధ్రాలు మూసుకుని నీరు పొదుపు చేసే రకం ఆ పూట మిగులుతుంది, కానీ పెరగదు. కింది పొరల్లో ఉన్న నీటిని తోడుకునే రకం పెరుగుతుంది కూడా. ఏబ్రహాం బ్లూమ్ అనే పంటల శాస్త్రవేత్త 2009లో గట్టిగా వాదించింది ఇదే: బెట్టలో లక్ష్యం నీటి పొదుపు కాదు, దొరికే నీటిని వీలైనంత వాడుకోవడం. అయితే కింద నీరంటూ ఉండాలి. అడుగు లోతులో రాయి తగిలే నేలలో లోతు వేరు గుణం ఉన్న రకానికి ఎక్కువ డబ్బు పెట్టడం వృథా.

ఎర్ర క్లోవర్ లోపం ఆయుష్షు. సాధారణంగా రెండు మూడేళ్లే. శిలీంధ్రాలు, వేరు తినే పురుగులు తల్లివేరును లోపలి నుంచి కుళ్లబెడతాయి. పైకి మొక్క పచ్చగానే కనబడుతుంది కానీ, అప్పటికి అది పక్కవేళ్ల మీద బతుకుతుంటుంది. అలాంటి మూడో ఏడాది పచ్చికకు బెట్ట తగిలితే ఒక్కసారిగా పోతుంది. మొదటి ఏడాది అంతకంటే పెద్ద బెట్టను లెక్కచేయని మొక్కే అది. స్విట్జర్లాండ్ రైతుల చేతుల్లో తరతరాలుగా నిలిచిన మాటెన్‌క్లే జాతి రకాలు ఎక్కువ కాలం బతకడానికి పేరుపడ్డాయి. మామూలుగా ఉండే రెండు సెట్లకు బదులు నాలుగు సెట్ల క్రోమోజోములున్న టెట్రాప్లాయిడ్ ఎర్ర క్లోవర్లు ఆకు పెద్దగా, దిగుబడి ఎక్కువగా ఉంటాయి.

కాకసస్ క్లోవర్‌ను క్యూరా క్లోవర్ అని కూడా అంటారు. దీనికి తల్లివేరుతో పాటు నేల కింద పాకే కాండాలు కూడా ఉన్నాయి. అంటే చిగురు వేసే మొగ్గలు మట్టి కప్పు కింద ఉంటాయి. ఎండ, గిట్టల తొక్కుడు, మేపుడు, మంచు ఏవీ వాటిని నేరుగా తాకవు. బెట్టలో బతకడం ఒక్కటే కొలమానమైతే బహువార్షిక క్లోవర్లలో దీనికి సాటి లేదు. ఒకసారి కుదురుకుంటే దశాబ్దాల పాటు ఉంటుంది. మరి అందరూ దీన్నే ఎందుకు వేయరంటే, మొదటి ఏడాది ఇది దాదాపు కనబడదు. తయారైన చక్కెరలో ఎక్కువ భాగం నేల కిందికే పంపుతుంది. ఆ ఏడాది గడ్డితోనో కలుపుతోనో కలిపి పెంచితే వాటి నీడలో అణిగిపోతుంది. పైగా దీనికి ప్రత్యేకమైన రైజోబియం కావాలి, ఇతర క్లోవర్లకు వాడేది పనిచేయదు. మొనారో, ఎండ్యూరా వంటి రకాలు వచ్చినా విత్తనం తక్కువగానే దొరుకుతుంది.

కాకసస్ క్లోవర్ నేల కింది కాండాన్ని తెల్ల క్లోవర్‌కు తెచ్చిపెడితే? ఈ రెండూ మామూలుగా కలవవు. సంకర పిండాన్ని గింజలోంచి తీసి ప్రయోగశాలలో పెంచి, ఆ మొక్కను మళ్లీ మళ్లీ తెల్ల క్లోవర్‌తో కలిపి, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ పరిశోధకులు చివరికి అబెర్‌లాస్టింగ్ అనే రకాన్ని బయటికి తెచ్చారు. న్యూజిలాండ్‌లో ట్రైఫోలియం యూనిఫ్లోరమ్ అనే తూర్పు మధ్యధరా మొక్కతో ఇలాగే సంకరాలు చేస్తున్నారు. ఆ మొక్క పొట్టిగా, మోడులాంటి గట్టి తల్లివేరుతో ఎండిన నేలల్లో పెరుగుతుంది. తెల్ల క్లోవర్ పుట్టుకే రెండు వేర్వేరు జాతుల కలయిక కాబట్టి, బయటి చుట్టాల నుంచి గుణాలు తెచ్చుకోవడం దానికి కొత్త కాదు. అట్లాంటిక్ తీరపు జాతి ఒకటి, ఆల్ప్స్ కొండల జాతి ఒకటి చివరి మంచు యుగంలో, సుమారు 15 వేల నుంచి 28 వేల ఏళ్ల కింద కలిసి ఈ మొక్క ఏర్పడిందని జన్యు అధ్యయనాలు తేల్చాయి.

సబ్ క్లోవర్: బెట్ట రాకముందే వెళ్లిపోయేది

సబ్‌టెరేనియన్ క్లోవర్‌కు బెట్టతో పోరాటమే ఉండదు. వానాకాలంలో మొలిచి, పెరిగి, పూసి, గింజ కట్టి, ఎండలు ముదిరేలోగా చచ్చిపోతుంది. దాని ప్రాణమంతా గింజలో ఉంటుంది. మధ్యధరా ప్రాంతపు ఈ మొక్క ఆస్ట్రేలియాకు ఎలాగో చేరి కలుపుగా తిరుగుతుంటే, దక్షిణ ఆస్ట్రేలియాలో మౌంట్ బార్కర్ దగ్గర ఏమాస్ హోవర్డ్ అనే రైతు 1889లో దాని విలువ గుర్తించాడు. ఆ దేశపు దక్షిణ భాగంలో గొర్రెల మేత స్వరూపాన్నే మార్చిన గమనింపు అది.

పూలు పరాగ సంపర్కం అయ్యాక దీని పూకాడ కిందికి వంగుతుంది. గుత్తిలో మూడు నాలుగు పూలే గింజ కడతాయి. మిగతా గొడ్డు పూలు ముళ్లలా వెనక్కి తిరిగి పెరిగి, గింజల చుట్టూ ఒక చిన్న బంతిలా అల్లుకుంటాయి. ఆ బంతిని కాడ మట్టిలోకి నెడుతుంది. వేరుశనగ ఊడలాగే ఇదీ తన గింజను తానే పాతుకుంటుందన్నమాట. దాంతో గొర్రెలకు చిక్కకుండా, ఎండకు మాడకుండా గింజ భద్రం.

ఈ క్లోవర్‌లో రకం ఎంపిక అంటే ప్రధానంగా పూతకాలం ఎంపిక. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ పరిసరాల్లో మే మొదట్లో విత్తితే నంగారిన్ అనే రకం సుమారు 77 రోజులకే పూస్తుంది. డాల్‌కీత్ సుమారు 97 రోజులు తీసుకుంటుంది, మౌంట్ బార్కర్ రకం 137 రోజుల దాకా ఆగుతుంది. వాన త్వరగా ముగిసే చోట నంగారిన్ వంటి స్వల్పకాలిక రకమే గింజ కట్టగలదు. వాన ఎక్కువ కాలం ఉండే చోట దాన్నే వేస్తే, ఇంకా నెలన్నర పదును ఉండగానే పూతకొచ్చి పెరుగుదల ఆపేస్తుంది, మేత నష్టం. దీర్ఘకాలిక రకాన్ని తక్కువ వాన చోట వేస్తే మొదటి ఏడాది పచ్చగా, ఏపుగా ఉంటుంది. గింజ కట్టకముందే ఎండిపోతుంది కాబట్టి రెండో ఏడాది మొలకలే ఉండవు. దాని కణాల్లో బెట్టను తట్టుకునే గుణం ఎంతున్నా ఈ పొరపాటును సరిదిద్దలేదు.

పూతకాలం తర్వాత చూడాల్సింది గింజ గట్టిదనం. కొన్ని గింజల పెంకు నీటిని చొరనివ్వదు. ఎండాకాలంలో నేల పైపొర పగలు 60 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, రాత్రి 15 డిగ్రీలకు పడిపోతూ ఉంటే, ఆ పెంకులో ఒక చిన్న బలహీనమైన చోటు నెమ్మదిగా పగులుబారి నీటికి దారిస్తుంది. అన్ని గింజలకూ ఒకేసారి ఇది జరగదు, జరగకూడదు కూడా. ఎండాకాలం మధ్యలో అనుకోని జల్లు పడి మొలకలన్నీ లేచి, తర్వాత వానల్లేక మాడిపోతే, గట్టిగా మిగిలిన గింజలే ఆ పచ్చికను మళ్లీ నిలబెడతాయి. తక్కువ వాన ప్రాంతాలకు ఉద్దేశించిన నంగారిన్ వంటి రకాల్లో గట్టి గింజల వాటా ఎక్కువ, మౌంట్ బార్కర్‌లో తక్కువ.

ఇక్కడే ఒక హెచ్చరిక. డ్వాల్గనప్ అనే పాత స్వల్పకాలిక రకం ఎండ ప్రాంతాల్లో నిలబడటంలో దిట్ట. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో దాన్ని మేసిన గొర్రెలు చూలు కట్టడం మానేశాయి, ఈనినప్పుడు ఇబ్బందులు పడ్డాయి. ఆకుల్లోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థం గొర్రె పొట్టలో ఈస్ట్రోజన్ హార్మోన్‌లా పనిచేసే పదార్థంగా మారడమే కారణమని తర్వాత తేలింది. యార్లూప్, డినినప్ రకాలదీ అదే కథ. ఆ తర్వాత వచ్చిన రకాల్లో దీన్ని బాగా తగ్గించారు. బెట్టకు నిలిచింది కదా అని పాత విత్తనం ఎక్కడో దొరికితే వేసేయకూడదు.

సబ్ క్లోవర్‌లోనే మూడు ఉపజాతులు ఉన్నాయి. యానినికమ్ రకాలు నీరు నిలిచే నేలలకు, బ్రాకికాలిసినమ్ రకాలు బీటలు వారే క్షార నేలలకు, మామూలు సబ్‌టెరేనియమ్ రకాలు కొద్దిగా ఆమ్లంగా ఉండే తేలిక నేలలకు సరిపోతాయి. బ్రాకికాలిసినమ్ గింజ బంతిని మట్టిలోకి బలంగా నెట్టలేదు, బీటల్లోకి వదులుతుంది. బీటలు లేని నేలలో దానికి అడ్రస్ ఉండదు.

బర్సీమ్ అనే మరో క్లోవర్ సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అది తడుల మీద బతికే మేత. ఈజిప్టులో దాన్ని నైలు నీటితో పెంచారు. ఎక్కువ కోతలిచ్చే మిస్కావీ కంటే, రెండు మూడు కోతలతో ఆగే సయిదీ జాతికి వేరు లోతు, బెట్టకు కొంచెం మెరుగు. ఫాహ్ల్ జాతి ఒక్క కోతతో సరి. దాని కొమ్మలు కాండం పైభాగంలో పుడతాయి కాబట్టి కోశాక అడుగు నుంచి మళ్లీ లేవదు. స్ట్రాబెర్రీ క్లోవర్ విషయానికొస్తే, దాని అసలు బలం చౌడునూ నీరు నిలవడాన్నీ ఓర్చుకోవడం.

పరీక్షల అంకెలు చదవడం

రెండు రకాలున్నాయనుకుందాం. మొదటిది నీరున్నప్పుడు హెక్టారుకు 10 టన్నుల ఎండుమేత ఇస్తుంది, బెట్టలో 6 టన్నులు. రెండోది నీరున్నప్పుడు 6, బెట్టలో 5. ఎంత శాతం తగ్గిందనేదే కొలమానమైతే రెండోదే గెలుస్తుంది. దాని నష్టం 17 శాతం లోపే, మొదటిదానిది 40 శాతం. కానీ బెట్టలో కూడా పశువుల ముందు ఎక్కువ మేత పెట్టింది మొదటిదే. "బెట్టకు తక్కువగా దెబ్బతిన్నది" అనే ముగింపు చదివినప్పుడు అసలు టన్నులెన్నో వెతకాలి. అలాగే టన్నులు మాత్రమే ఇచ్చిన చోట, రెండో ఏడాది ఎన్ని మొక్కలు మిగిలాయో అడగాలి. 6 టన్నులిచ్చి సగం మొక్కలు చచ్చిపోతే ఆ గెలుపు ఒక్క సీజన్‌దే.

కుండీల్లో చేసే పరీక్షలు ఇంకా మోసం చేస్తాయి. చిన్న కుండీలో పెద్ద మొక్క నీటిని రెండు మూడు రోజుల్లో తాగేసి వడలిపోతుంది. పొట్టి మొక్క అదే నీటితో వారం గడుపుతుంది. చూసేవాళ్లకు పొట్టిది బెట్టకు గట్టిదనిపిస్తుంది. నిజానికి అది తక్కువ తాగింది, అంతే. పైగా కుండీ అడుగు తగిలాక లోతు వేరు గుణం ఉన్న రకానికి దాన్ని చూపించుకునే అవకాశమే లేదు.

అందుకే నాకు న్యూజిలాండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం చేసిన మాక్స్‌క్లోవర్ వంటి సుదీర్ఘ పరీక్షల మీద నమ్మకం. 2002లో మొదలుపెట్టి 9 ఏళ్ల పాటు నీటి వసతి లేని నేలలో, నిజంగా గొర్రెలను మేపుతూ చేశారు దాన్ని. ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే చోటు, ఎండాకాలాలు పొడిగా ఉంటాయి. కాక్స్‌ఫుట్ గడ్డికి జోడీగా తెల్ల క్లోవర్ కంటే సబ్ క్లోవర్ మేలని అందులో తేలింది. వసంతంలో తేమ ఉన్నప్పుడే అది పెరిగి పని ముగించుకుంటుంది. మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ మేత ఇచ్చింది మాత్రం క్లోవర్ కాదు, మీటర్ల కొద్దీ లోతుకు వేరు దించే లూసర్న్ (అల్ఫాల్ఫా) అనే మరో పప్పుజాతి మేత మొక్క. క్లోవర్ అంటే ఇష్టం ఉన్నవాళ్లు కూడా ఈ ఫలితాన్ని పక్కన పెట్టకూడదు. లోతైన, మురుగు నిలవని నేల ఉండి, కోసి వేసే మేతే కావాలనుకుంటే, బెట్ట రకం క్లోవర్ కోసం వెతకడం కంటే లూసర్న్ వేయడమే మంచి నిర్ణయం.

రకం ఒక్కటే కాదు

మంచి రకం తెచ్చి ఆమ్ల నేలలో వేస్తే దాని వేరు దిగదు. నేల పీహెచ్ 5 కంటే తగ్గితే అల్యూమినియం కరిగి వేరు కొసలను మొద్దుబారుస్తుంది. పైపొరకు సున్నం వేసి కింది పొరను వదిలేస్తే తల్లివేరు ఆ సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. భాస్వరానిదీ ఇలాంటి కథే. వేసిన భాస్వరం ఎక్కువగా పై కొన్ని సెంటీమీటర్లలోనే ఉండిపోతుంది. ఆ పొర ఎండగానే నేలలో భాస్వరం ఉన్నా వేరుకు అందదు. గడ్డితో పోలిస్తే క్లోవర్ వేళ్లు మోటు, నూగు తక్కువ, పోటీలో ముందు ఓడేది ఇదే. బెట్ట దెబ్బ అని మనం అనుకునే దానిలో కొంత భాగం నిజానికి భాస్వరం ఆకలి.

మేపే తీరు ఇంకా ముఖ్యం. తెల్ల క్లోవర్ పాకే కాండాలు వసంతంలో విడిపోయి చిన్న చిన్న మొక్కలుగా మారతాయి. పాత భాగం కుళ్లుతుంది, కొసలు విడిగా బతుకుతాయి. అంటే ఎండాకాలం మొదలయ్యే సరికి మొక్క ఏడాది మొత్తంలో అతి బలహీనమైన దశలో ఉంటుంది. అదే సమయంలో గడ్డి ఎత్తుగా పెరిగి నీడ కమ్మితే కాండాలు ఇంకా సన్నబడతాయి. కాబట్టి వసంతంలో గడ్డిని అదుపులో ఉంచేలా మేపి, ఎండలు మొదలయ్యాక నేల కనబడేలా కొరకనివ్వకుండా పశువులను తీసేయాలి. ఎర్ర క్లోవర్‌ను కోత తర్వాత కోతగా, మధ్యలో విశ్రాంతి ఇచ్చి వాడాలి. విడవకుండా మేపితే మొదలులోని నిల్వలు కరిగిపోతాయి. సబ్ క్లోవర్‌ను పూత రాకముందు గట్టిగా మేపొచ్చు, పూత మొదలైనప్పటి నుంచి గింజ బంతులు మట్టిలోకి దిగేదాకా మాత్రం మంద ఒత్తిడి తగ్గించాలి. తక్కువ గింజ కట్టిన ఏడాది తర్వాత ఎండిన బంతులను గొర్రెలు కాళ్లతో గీరి తినకముందే మందను వేరే ముక్కలోకి మార్చాలి. ఆ గింజలు ఆ ఒక్క ఏడాదికే కాదు, వానలు సరిగా పడని తర్వాతి ఏడాదికి కూడా పచ్చిక విత్తనం.